పొగను తూచే త్రాసు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు నలభై ఏళ్లు ఫ్యాక్టరీలలో చేశారు గదా, మీ పని గురించి పిల్లలకు పనికివచ్చేలా నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. నా పని కొలవడం. ఆవిరి ఎంత, వేడి ఎంత, పొగలో ఏమేమి ఎంతెంత వున్నాయి అని చూసి లాగ్ బుక్కులో రాయడం. కనుక కొలత గురించే చెబుతాను. అందులోనూ ఒక కొత్త సంగతి. ఫ్యాక్టరీ పొగలోని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును, ఆకాశానికి పోనివ్వకుండా పట్టి దాచే పరిశ్రమ ఒకటి లోకంలో పెరుగుతూ వుంది. దానికి కావలసిన కొలత పరికరాలు ఎలా తయారవుతున్నాయి, అందులో మనవాళ్లకు చోటు ఎక్కడ అన్నది ఈ రోజు విషయం.

మొదట ఒక పాత సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను.

గాజు గొట్టాల పెట్టె

నేను పనిలో చేరిన కొత్తలో ఒక మిల్లులో బాయిలర్ దగ్గర వేశారు. మిల్లు పేరు ఇప్పుడు అనవసరం. అక్కడ నాకు అప్పగించిన సామాను ఆర్సాట్ అనే ఒక చెక్క పెట్టె. తలుపు తీస్తే లోపల గాజు గొట్టాలు, రబ్బరు ట్యూబులు, ఒక నీళ్ల సీసా. చిమ్నీలోని పొగను వంద మిల్లీలీటర్లు కొలిచి లోపలికి లాగాలి. దానిని పొటాషియం హైడ్రాక్సైడు ద్రావకం గుండా నాలుగైదుసార్లు పోనిచ్చి తేవాలి. ఆ ద్రావకం బొగ్గుపులుసు వాయువును మింగేస్తుంది. తిరిగి వచ్చిన పొగ 88 మిల్లీలీటర్లు వుంటే, మింగినది 12. అంటే పొగలో 12 శాతం. చూడండి, ఎంత తేలిక లెక్కో.

ఆ 12 మాకు ఎందుకు కావాలి? పొగలో ఈ వాయువు 12, 13 శాతం వుంటే బొగ్గు సరిగా మండుతున్నట్టు. 7, 8కి పడిపోతే అక్కరకు మించిన గాలి కొలిమిలోకి పోయి, వేడిని మోసుకుని చిమ్నీ గుండా వెళ్లిపోతున్నట్టు. బొగ్గు దండుగ. ఆ దండుగకు జవాబు చెప్పవలసినవాడు ఫైర్‌మన్.

అక్కడ ఒక పెద్ద వయసు ఫైర్‌మన్ వుండేవాడు. అందరం తాతా అని పిలిచేవాళ్లం. ఒకసారి వరసగా మూడు రోజులు నా పెట్టె 7 శాతం చూపించింది. నేను అదే రాశాను. పైవాళ్లు ఆయనను పిలిచి చీవాట్లు పెట్టి, ఆ నెల ఇన్సెంటివులో కొంత కోశారు. ఆయన నా దగ్గరకు వచ్చి, "బాబూ, నాను ముప్పై ఏళ్లు బట్టి ఈ మంట సూస్తన్నాను. మంట బాగుంది. నీ డబ్బాయే ఓపాలి సూసుకో" అన్నాడు. నేను కుర్రవాణ్ణి, డిప్లొమా చదివిన గర్వం. పరికరం అబద్ధం చెప్పదు తాతా అన్నాను.

నాలుగో రోజు ఏదో అనుమానం వచ్చి రబ్బరు ట్యూబు విప్పి చూస్తే, క్లిప్పు కింద వెంట్రుకవాసి పగులు. అందులో నుంచి బయటి గాలి చేరి పొగను పలచన చేస్తోంది. ట్యూబు మార్చాను. 12 శాతం వచ్చింది. నేను వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. తాత నవ్వి, "పోన్లే బాబూ, టీ తాగు" అన్నాడు. కోసిన డబ్బు మాత్రం ఆయనకు తిరిగి రాలేదు.

ఆ రోజు నుండి రెండు మాటలు నా మనసులో నాటుకుపోయాయి. కొలత తప్పితే ఎవరో ఒకరి కడుపు మీద దెబ్బ పడుతుంది. ఇది మొదటిది. పరికరంలో లోపం దాన్ని తయారుచేసినవాడి కంటే ముందు, దాని పక్కన నిలబడి పని చేసేవాడికి తెలుస్తుంది. ఇది రెండవది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ రెండు మాటల వివరణే.

వాయువు అదే, చూపు మారింది

విచిత్రం ఏమంటే, ఆ రోజుల్లో బొగ్గుపులుసు వాయువు శాతం పెరిగితే సంతోషించేవాళ్లం. ఇప్పుడు ప్రపంచమంతా ఆ వాయువును చూసి భయపడుతోంది. భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం అదేనని తేలింది. అది కూడా కొలత వల్లనే తేలింది. 1958లో చార్లెస్ కీలింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు హవాయి దీవిలో మౌనా లోవా కొండ మీద ఒక పరికరం పెట్టి గాలిని కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లు వుండేది. ఇప్పుడు 420 దాటింది. ఆయన గొప్పతనం ఒక్కసారి కొలవడంలో లేదు. పరికరం నిజం చెబుతోందా లేదా అని, పాళ్లు ముందే తెలిసిన స్టాండర్డ్ గ్యాసుతో మళ్లీ మళ్లీ సరిచూసుకోవడంలో వుంది.

పొగ విషయం మన జిల్లాలకు కొత్త కాదు. సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు లేచిన సంగతి, 2010 జూలై 14న కాల్పులలో ప్రాణాలు పోయిన సంగతి మీలో చాలామందికి కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది. కనుక "పొగను పట్టేస్తాము, ఇక భయం లేదు" అని ఎవరైనా అంటే, మనం అడగవలసిన మొదటి ప్రశ్న: ఎంత పట్టారు? ఎలా కొలిచారు? ఆ లెక్క ఎవరు సరిచూశారు?

పట్టే పద్ధతి

పట్టే పద్ధతి నా ఆర్సాట్ పెట్టెకు పెద్దన్న వంటిది. సూత్రం 1930లో అమెరికాలో పేటెంటు అయినదే. పొగను చల్లార్చి ఒక పొడవాటి స్తంభంలోకి అడుగు నుండి పంపుతారు. పై నుండి అమీన్ అనే మందు కలిపిన నీళ్లు వానలా కురుస్తాయి. నూటికి ముప్పై పాళ్లు మందు, మిగతాది నీరు. ఆ నీళ్లు సుమారు 40 నుండి 60 డిగ్రీల వేడి దగ్గర వాయువును పట్టుకుంటాయి. తరువాత వాటిని రెండవ స్తంభానికి తీసుకుపోయి ఆవిరితో సుమారు 120 డిగ్రీలకు కాస్తే, పట్టుకున్న వాయువును వదిలేస్తాయి. ఆ వాయువును నొక్కి గొట్టాలలోకి పంపుతారు. నీళ్లు చల్లారి తిరిగి మొదటి స్తంభానికి వస్తాయి. నా పెట్టెలోని ద్రావకం మింగినదాన్ని కక్కదు, ఇది కక్కుతుంది. తేడా అంతే.

మన దేశంలో ఎన్.టి.పి.సి. వారు మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ విద్యుత్ కేంద్రంలో రోజుకు 20 టన్నుల వాయువును పట్టే యూనిట్‌ను 2022లో ఆరంభించారు. తమిళనాడు తూత్తుకుడిలో ఒక సోడా కర్మాగారం 2016లోనే బాయిలర్ పొగలోని వాయువును పట్టి సోడా తయారీకి వాడుకోవడం మొదలుపెట్టింది. పట్టిన వాయువును నల్లరాతి పొరలలో, అంటే దక్కన్ బసాల్టులో, శాశ్వతంగా దాచవచ్చునా అని హైదరాబాదులోని నేషనల్ జియోఫిజికల్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వారు పరిశోధనలు చేశారు. ఐస్‌లాండ్ దేశంలో అటువంటి రాతిలోకి 2012లో వాయువును పంపి చూస్తే అది రాయిగా మారింది.

కొలత తప్పితే ఏమవుతుంది?

పరవాడ దగ్గర సింహాద్రి కేంద్రం మీకందరికీ తెలుసు. అక్కడి యూనిట్ ఒక్కొక్కటి 500 మెగావాట్లు. అటువంటి యూనిట్ పూర్తి స్థాయిలో నడిస్తే రోజుకు సుమారు 10 వేల టన్నుల బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. దానికి పట్టే ఏర్పాటు పెట్టి, నూటికి తొంభై పాళ్లు పట్టారనుకుందాం. 9 వేల టన్నులు. కొలిచే పరికరంలో నూటికి రెండు తేడా వుంటే? రోజుకు 180 టన్నులు గాలి లెక్క. ఏడాదికి 60 వేల టన్నులు దాటుతుంది. పట్టకుండానే పట్టినట్టు కాగితం మీద రాసుకుంటారు, లేదా పట్టినవాడికి రావలసింది రాకుండా పోతుంది.

ఇది ఊహ కాదు. నార్వే దేశం సముద్రగర్భంలో స్లైప్నర్ అనే చోట 1996 నుండి వాయువును దాస్తున్నారు. ప్రపంచానికంతా ఆదర్శమని చెప్పుకున్న చోటు అది. అక్కడ కూడా కొలిచే సామానులో లోపం వల్ల కొన్నేళ్లు లెక్క ఎక్కువ పడిందని 2024లో బయటపడింది. అంత పెద్దవాళ్ల దగ్గరే అలా జరిగితే, మన ట్యూబు పగులు ఏపాటిది!

ఇక ప్రాణాల విషయం. బొగ్గుపులుసు వాయువు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. పల్లంలో నిలుస్తుంది. మన పల్లెల్లో పాత బావిలో దిగేముందు లాంతరు దించి చూసేవారు. దీపం ఆరిపోతే దిగకూడదు. అది మన తాతల కొలత పరికరం. కాని ఆ దీపం చాలదు. దీపం ఆరకుండానే మనిషికి హాని చేసేంత వాయువు వుండవచ్చు. 2020 ఫిబ్రవరిలో అమెరికా మిసిసిపి రాష్ట్రంలో సటార్షియా అనే పల్లె దగ్గర ఈ వాయువును తీసుకుపోయే గొట్టం పగిలింది. రెండు వందల మందిని ఖాళీ చేయించవలసి వచ్చింది, నలభై అయిదు మంది ఆసుపత్రి పాలయ్యారు. ప్రాణవాయువు చాలక కార్ల ఇంజన్లు కూడా ఆగిపోయాయి.

అంత దూరం ఎందుకు, మన విశాఖ చాలదా? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్ముకుని 12 మంది చనిపోయారు. అది వేరే రసాయనం, వేరే పరిశ్రమ. కాని ప్రభుత్వ కమిటీ విచారించి చెప్పిన కారణాలలో ఒకటి నన్ను నిద్రపోనివ్వలేదు. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే వుంది. మధ్యలో, పైన లేదు. అడుగు చల్లగా వుందని కాగితం చెబుతోంది, పైన సరుకు ఉడుకుతోంది. పరికరం చెడిపోలేదండీ. అది నిజమే చెప్పింది. దాన్ని పెట్టవలసిన చోట పెట్టలేదు. ఎక్కడ కొలవాలి అన్నది కూడా కొలతలో భాగమే.

మూడవది మన జీవనోపాధి. విజయనగరం ప్రాంతంలో మాంగనీసు గనులు 19వ శతాబ్దం చివరలోనే మొదలయ్యాయి. వాటి మీద ఆధారపడి గరివిడిలో, బొబ్బిలిలో ఫెర్రో అల్లాయ్ పరిశ్రమలు లేచాయి. మన సోదరులు, వారి పక్కింటివారు ఎందరో వాటిలో పనిచేశారు. ఇప్పుడు ఐరోపా దేశాలవారు 2026 జనవరి నుండి ఒక కొత్త సుంకం పెట్టారు. ఇనుము, ఉక్కు, సిమెంటు, ఎరువులతో పాటు ఫెర్రో మాంగనీసు కూడా అందులో వుంది. సరుకు తయారీలో ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలారో దానిని బట్టి సుంకం. నమ్మదగిన కొలత చూపలేనివారికి వాళ్లే ఒక అంకె వేసేస్తారు, ఆ అంకె ఎక్కువగానే వుంటుంది. మన దేశంలో కూడా 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం ప్రకటించారు. అంటే ఇక ముందు పొగకు కూడా త్రాసు వుంటుంది, తూకం బట్టి డబ్బు వుంటుంది. తూచడం రానివాడు సంతలో ఎలా మోసపోతాడో మీకు నేను చెప్పనక్కర లేదు.

చురుకు పద్ధతి

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ పరికరాలు ఎలా తయారవుతున్నాయి?

వెనుకటి పద్ధతి మీకు తెలిసినదే. ఆఫీసులో కూర్చుని మూడేళ్లు డ్రాయింగులు గీస్తారు. పరికరం తయారుచేసి, రంగువేసి, పెట్టెలో పెట్టి పంపుతారు. ఫ్యాక్టరీలో బిగించిన మర్నాడు అది పనిచేయదు. మళ్లీ మూడేళ్లు.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారికి కూడా ఇదే బాధ వుండేది. 2001లో అమెరికాలో పదిహేడు మంది ఆ వృత్తివారు ఒకచోట కూడి, ఇలా కాదు, కొంచెం చేద్దాం, వాడేవాడికి చూపిద్దాం, వాడు చెప్పినదాన్ని బట్టి దిద్దుదాం, మళ్లీ కొంచెం చేద్దాం అని తీర్మానించుకున్నారు. దానికి ఎజైల్ అని పేరు పెట్టారు. చురుకు అని అర్థం. ఇప్పుడు పరికరాలు చేసేవారు కూడా ఆ దారి పడుతున్నారు.

మా బంధువుల అబ్బాయి ఒకడు అటువంటి పనిలో వున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు రాత్రి భోజనాలయ్యాక డాబా మీద కూర్చుని వాడి పని అడిగాను.

"మామూ, పుస్తకంలో చూస్తే చాలా తేలిక" అన్నాడు. "కంటికి కనబడని ఎర్ర కాంతిని వాయువు గుండా పంపుతాం. 4.26 మైక్రోమీటర్ల దగ్గరి కాంతిని బొగ్గుపులుసు వాయువు మింగుతుంది. ఎంత మింగిందో చూస్తే ఎంత వుందో తెలుస్తుంది."

"మరి ఇంకేం కావాలిరా?" అన్నాను.

"స్తంభం లోపల గాలి కాదు మామూ, తడిగుడ్డ వంటిది. మొదటి నమూనా పెట్టిన గంటలో అద్దం మీద చెమట పట్టేసింది. పరికరం వాయువును కాదు, నీళ్లను కొలుస్తోంది."

అప్పుడేం చేశారని అడిగితే వరసగా చెప్పాడు. రెండో విడతలో ప్రోబును వేడిగా వుంచి చెమట పట్టకుండా చేశారు. మూడో విడతలో అమీన్ ఆవిరికి లోపలి రబ్బరు రింగు ఉబ్బిపోయింది, వేరే పదార్థం వెతికారు. నాలుగో విడతలో పరికరం బాగానే వుంది గాని, ఆపరేటర్ దానివైపు చూడటం లేదు. ఏమని అడిగితే, "చేతికి గ్లౌజులు వేసుకుని మీ బొత్తాలు నొక్కలేను, ఎండలో మీ అంకెలు కనబడవు" అన్నాడట. అంకెలు పెద్దవి చేశారు, బొత్తాలు మార్చారు. ఒక్కొక్క విడత రెండు మూడు వారాలు. ప్రతి విడత చివర షిఫ్టులో వున్న మనిషి చేత వాడించి, వాడు తిట్టిన తిట్లన్నీ రాసుకుని తిరిగి వచ్చేవారట.

ఇది విని నాకు మా తాత గుర్తుకు వచ్చాడు. ఆ రోజు ఆయన తిట్టినదాన్ని నేను రాసుకుని వుంటే మూడు రోజుల ముందే ట్యూబు మార్చేవాణ్ణి.

ఇక్కడ ఒక సూక్ష్మం చెబుతాను, చదువుకునే పిల్లలు జాగ్రత్తగా వినాలి. స్తంభం నుంచి వచ్చే పొగ 50 డిగ్రీల వేడితో, తేమతో నిండి వుంటే, అందులో సుమారు 12 శాతం నీటి ఆవిరే. ఆ నీటిని తీసేసి ఎండు పొగలో కొలిస్తే బొగ్గుపులుసు వాయువు 13 శాతం చూపే చోట, తడి పొగలో కొలిస్తే 11.4 చూపుతుంది. రెండూ నిజమే. ఏది కొలిచామో రాయకపోతే మాత్రం రెండూ అబద్ధమే. ఒకడు లోపలికి పోయేదాన్ని ఎండుగా, బయటికి వచ్చేదాన్ని తడిగా కొలిచి తీసివేశాడనుకోండి, పట్టని వాయువు కూడా పట్టినట్టు కనబడుతుంది. ఇలాంటి తేడా లాబొరేటరీలో కనిపెట్టడం కష్టం, ప్లాంటులో లాగ్ బుక్కు రాసేవాడితో కూర్చుంటే ఒక పూటలో బయటపడుతుంది.

అందుకే ఈ పద్ధతి ఈ పరిశ్రమకు తగినదని నా అభిప్రాయం. వాయువును పట్టే ప్లాంట్లు ఇంకా కొత్తవి. ఒక్కొక్కచోట పొగ ఒక్కొక్క రకం. సిమెంటు పొగ వేరు, బొగ్గు పొగ వేరు, చెరకు పిప్పి పొగ వేరు. ఏ మందు వాడాలో, ఎంత వేడి పెట్టాలో వారే ఇంకా మార్చుకుంటున్నారు. ఒక టన్ను వాయువును విడిపించడానికి మామూలు అమీన్‌తో మూడున్నర నుండి నాలుగు గిగాజౌళ్ల వేడి కావాలి. అదంతా కరెంటు తీయవలసిన ఆవిరి. మందు ఎంత వాయువును పట్టుకుందో క్షణక్షణం తెలిస్తే ఆవిరి ఆదా అవుతుంది, తెలియకపోతే గుడ్డిగా కాయడమే. ప్లాంటు మారుతుంటే పరికరం కూడా దానితో నడవాలి గదా.

వీణ చేసేవాడి తెలివి

అయితే అబ్బాయిలూ, చురుకు అంటే తొందర కాదు. ఇది అందరూ పొరబడే చోటు.

మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారు. చూసినవారికి తెలుస్తుంది, వీణ శరీరాన్ని ఒకే పనస దుంగలో తొలుస్తారు. ఆ కొయ్య విషయంలో తొందర పనికిరాదు. ఉలి ఒక్కసారి ఎక్కువ దిగితే దుంగ మొత్తం పాడు. కాని స్వరాలకు పెట్టే మెట్లు ఇరవై నాలుగింటినీ మైనంలో నిలబెడతారు. ఎందుకని? మీటుతూ, వింటూ, వెంట్రుకవాసి అటూ ఇటూ జరపడానికి. ఏళ్ల తరువాత శ్రుతి తప్పినా మళ్లీ జరపవచ్చు.

పరికరం కూడా అంతే. అందులో కొయ్య భాగం వుంది, మైనం భాగం వుంది. పేలుడు వాయువుల దగ్గర నిప్పురవ్వ రాకుండా చూసే రక్షణ, స్టాండర్డ్ గ్యాసుతో సరిచూసే కాలిబ్రేషన్, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ వంటి చోటి ప్రమాణానికి ముడిపెట్టే పద్ధతి, ఇవన్నీ కొయ్య. వీటిలో "ఇప్పటికి ఇలా కానిద్దాం, వచ్చే వారం దిద్దుదాం" అనే మాట వుండకూడదు. బొత్తాలు, అంకెలు, ప్రోబు పొడవు, బిగించే చోటు, లెక్క కట్టే ప్రోగ్రాము, ఇవి మైనం. వీటిని వాడేవాడి దగ్గర కూర్చుని జరుపుకోవాలి. ఒక హెచ్చరిక కూడా వుంది. లెక్క కట్టే ప్రోగ్రామును మార్చిన ప్రతిసారీ పరికరాన్ని మళ్లీ స్టాండర్డ్ గ్యాసుతో సరిచూసి, ఏ తేదీన ఏమి మార్చామో రాసి వుంచాలి. లేకపోతే నిన్నటి టన్ను వేరు, ఈ రోజు టన్ను వేరు అవుతుంది. బజారులో రాళ్లు మార్చే వ్యాపారికీ మనకూ తేడా వుండదు.

కొయ్యను మైనంలా జరిపేవాడు ప్రమాదం తెస్తాడు. మైనాన్ని కొయ్యలా బిగించేవాడు పనికిరాని పరికరం తెస్తాడు. ఏది ఏదో తెలిసినవాడే మంచి పనివాడు.

తూకం మన ఇంటి విద్యే

తూకంలో మోసం చేసేవారి పేరుతోనే పవిత్ర గ్రంథంలో ఒక సూరా, సూరె ముతఫ్ఫిఫీన్, వున్న సంగతి మీకు తెలుసు. తూకం మన మతంలో అంత గట్టి విషయం గనుకనేమో, మన పూర్వ విద్వాంసులు కొలత పరికరాల మీద గొప్ప కృషి చేశారు. అల్ బిరూనీ వెయ్యేళ్ల క్రితమే లోహాల, రత్నాల సాంద్రతను ఒక ప్రత్యేకమైన పాత్రతో కొలిచాడు. బానిసగా జీవితం ఆరంభించి మర్వ్ పట్టణంలో చదువుకున్న అల్ ఖాజినీ 1121 ప్రాంతంలో జ్ఞాన త్రాసు అనే అర్థం వచ్చే పెద్ద గ్రంథం రాశాడు. బంగారంలో కల్తీని నీటిలో తూచి పట్టే త్రాసును అందులో వివరించాడు. తనకు ముందువారు చేసిన త్రాసులను ఒక్కొక్కటిగా పరిశీలించి, వాటికి మెరుగులు దిద్దుతూ వచ్చాడు. చురుకు పద్ధతి అనే పేరు కొత్తదే గాని, ఆ బుద్ధి పాతదే.

ఈ గొప్పలు చెప్పుకుని చేతులు కట్టుకు కూర్చోవడానికి నేను ఇదంతా చెప్పలేదు. ఆ త్రాసు ఇప్పుడు మన పిల్లల చేతికి రావాలి.

పిల్లలకు, పెద్దలకు

మన ఇళ్లలో పిల్లవాడు పదో తరగతి దాటగానే గల్ఫుకు పంపుదామా, దుకాణంలో కూర్చోబెడదామా అని ఆలోచిస్తాము. ఐ.టి.ఐ.లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అనే ట్రేడు వుందని చాలామందికి తెలియదు. పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ వుంది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివే మన ఆడపిల్లలు ఎందరో వున్నారు. గ్యాసు విశ్లేషణ వారు అద్భుతంగా చేయగల పని. బరువులు మోయనక్కర లేదు, శ్రద్ధ కావాలి. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఎక్కువ కాలుష్యం వచ్చే 17 రకాల పరిశ్రమలు చిమ్నీల వద్ద, మురుగునీటి వద్ద ఎడతెగకుండా కొలిచే పరికరాలు పెట్టాలని ఆదేశించింది. విద్యుత్ కేంద్రాలు, సిమెంటు, చక్కెర, మందుల కర్మాగారాలు అందులోవే. ఆ పరికరాలను నిజాయితీగా చూసుకునేవారు కావాలి. వాయువును పట్టే ప్లాంట్లు పెరిగితే ఇంకా కావాలి.

మన సంఘం ఇచ్చే విద్యా సహాయంలో ఈ చదువులకు కూడా చోటు ఇవ్వవలసిందిగా కార్యవర్గాన్ని మనవి చేస్తున్నాను. నా వంతుగా, సెలవు రోజుల్లో పిల్లలు నలుగురు వస్తే నా పాత ఆర్సాట్ పెట్టె విప్పి చూపిస్తాను. ఇప్పుడు దాన్ని వాడేవారు అరుదు. కాని వాయువు మాయమై నీటి మట్టం పైకి లేవడం ఒకసారి కళ్లతో చూస్తే, కొలత అంటే ఏమిటో జీవితాంతం మరచిపోరు.

ఆ పెట్టెను నేను రిటైరైనప్పుడు పాత సామాను ధరకు కొనుక్కున్నాను. దాని తలుపు లోపల ఒక రబ్బరు ట్యూబు ముక్క దారంతో కట్టి వుంటుంది. పగిలిన ముక్క అది. పిల్లలు వచ్చినప్పుడు మొదట అదే చూపిస్తాను. అంకె రాసే ముందు ట్యూబు చూసుకోండి, ట్యూబు చూసుకునే ముందు పక్కనున్న తాత చెప్పేది వినండి అని చెబుతాను.